నురగ ఆరేదాకా

వీధి చివర సెలూన్ నడిపే అతన్ని అందరూ రేడియో అనేవారు. కుర్చీలో కూర్చున్నవాడి జుట్టు కత్తిరించడం పూర్తయ్యేలోగా లోకంలోని సంగతులన్నీ వాడి చెవిలో పోసేవాడు. అక్క పోయాక కూడా ఆ నోరు ఆగలేదు. ఆసుపత్రి పనులు ముగియగానే షాపు తెరిచి దువ్వెనలు కడిగాడు, అద్దం తుడిచాడు, వచ్చినవాళ్లతో మాట్లాడాడు. ఏం మాట్లాడాడో సాయంత్రానికి గుర్తుండేది కాదు. ఏడుపు వస్తుందని ఎదురుచూశాడు. రాకపోతే పోనీ అనుకున్నాడు.

బావ మాత్రం కదలడం మానేశాడు. స్కూలు వ్యాను నడిపే మనిషి, తాళాలు యజమానికిచ్చేసి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఒకరోజు గోడవైపు చూస్తూ, "పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే పోతే బాగుండు," అన్నాడు.

రేడియో చేతిలోని టీ గ్లాసు కిటికీలో పెట్టాడు. నవ్వేశాడు. "నువ్వు పోతే నేను పెట్టే టీ ఎవరు తాగుతారు బావా? కుక్క కూడా ముట్టదు."

వెళ్లేటప్పుడు స్నానాల గదిలోని గడ్డం సెట్టు, వంటింటి కత్తి చడీచప్పుడు కాకుండా సంచిలో వేసుకున్నాడు. "నీ గడ్డం సంగతి నాకొదిలెయ్. బందిపోటులా తయారయ్యావు, పిల్లలు వ్యాను ఎక్కుతారా?" అన్నాడు.

అప్పట్నుంచి పొద్దున్నే షాపుకంటే ముందు బావ ఇంటికి వెళ్లేవాడు. మెడకు తువ్వాలు చుట్టి, నురగ పట్టించి, కత్తి ఆనించి ఓదార్పు మొదలుపెట్టేవాడు. గుండె దిటవు చేసుకోమనేవాడు. అక్క చూస్తే బాధపడుతుందనేవాడు. ఇంతకంటే పెద్ద కష్టాలు పడ్డవాళ్లను ఏకరువు పెట్టేవాడు. బావ కదలకుండా వినేవాడు. ఫరవాలేదు, చెవికెక్కుతోంది అనుకునేవాడు రేడియో.

ఒక పొద్దున సంచి సర్దుకుంటుంటే భార్య అడిగింది. "అన్నయ్య ఏమంటున్నాడు?"

"ఏమంటాడు? వింటాడు."

"అసలేమీ అనడా?"

"గొంతు మీద కత్తి ఉంటే ఏమంటాడే?"

తన మాట తనకే వినబడింది. భార్య టిఫిన్ డబ్బాకు మూత బిగించి చేతికిచ్చింది.

ఆ రోజు కూడా నురగ రాశాడు. ఒక చెంప గీశాక కత్తి మడిచి జేబులో పెట్టుకుని, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఏంట్రా?" అన్నాడు బావ.

"బావా, చచ్చిపోవాలని ఉందా?"

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని ఇన్నాళ్లూ భయపడ్డాడు. అడిగేశాక నోటిదాకా బోలెడు మాటలొచ్చాయి. పళ్లబిగువున ఆపుకున్నాడు. బయట ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు. అది అంటుకోవడం లేదు.

"నా సెట్టు పట్టుకుపోయావు, తెలీదనుకున్నావా?" అన్నాడు బావ. కిటికీవైపు తిరిగి, "ఉందిరా. పొద్దున్న లేవగానే మరీ ఎక్కువ," అన్నాడు.

"చెప్పు."

బావ చెప్పాడు. ఒక వరసాపాడూ లేదు. నర్సు ఇచ్చిన అక్క చెప్పులు ఎక్కడ పెట్టాలో తెలియక మంచం కిందే ఉంచాడట. చివర్లో ఆమె మాటిమాటికీ ఫ్యాను ఆపమంటే ఒకసారి కసిరాడట. 'అదేం కాదులే' అనబోయి రేడియో నోరు మూసుకున్నాడు. బావ చెంప మీద నురగ ఆరి పొలుసులు లేచింది.

"నాకైతే ఏమీ అనిపించట్లేదు బావా," అన్నాడు ఆఖరికి. "ఏడుపు కూడా రాదు."

"తెలుసు. నీ వాగుడు వింటుంటేనే తెలుస్తోంది."

"ఆసుపత్రిలో దీనికి వేరే డాక్టరు ఉంటారట. ఇవాళే వెళ్దాం, ఇద్దరం."

"షాపో?"

"మూసే ఉంటుంది."

బావ చెంప తడుముకున్నాడు. "ముందు ఈ సగం గియ్యి. ఇలా పోతే ఆ డాక్టరే జడుసుకుంటాడు," అన్నాడు.

రేడియో నీళ్లతో తడిపి మళ్లీ నురగ రాశాడు. బావ పెదవులు కదిలినప్పుడల్లా కత్తి పక్కకు తీసి ఆగాడు. ఆ ఒక్క చెంపకే చాలాసేపు పట్టింది.