ఎర్ర టేపు చుట్టిన సెల్లు

పాత బ్యాటరీల షెడ్డులో ఆమెది నానబెట్టే పని. సెల్లుల్ని ఉప్పునీళ్ళ తొట్టెలో వేసి, మిగిలిన కరెంటు పోయాక, చిన్న బల్బు తీగలు ఆనించి చూస్తుంది. వెలగకపోతేనే ఆడబిడ్డకు అందిస్తుంది. ఆడబిడ్డ కోసి లోపలి రేకు తీస్తుంది. రేకుకంటిన నల్లపొడి ఊడదీసి జల్లిస్తే, దాంతోనే మళ్ళీ కొత్త బ్యాటరీలు. కరెంటున్న సెల్లును కోస్తే మాత్రం మొహం మీదకే మంట లేస్తుంది.

భర్త పోయాక అతని బ్యాటరీ ఆటో పాత సామాన్లవాడికి అమ్మేశారు. ఒకరోజు గంపలో ఎర్ర టేపు చుట్టిన సెల్లు కనబడింది. రెండు కొసలూ మూసి, చివర మెలితిప్పి అదిమిన తీరు అతనిదే. టేపు తీయడానికి ఆమెకు చేతులు రాలేదు. అలాగే తొట్టెలో వేసింది.

మర్నాడు టేపు అంచులు కాస్త లేపి తీగలు ఆనిస్తే బల్బు వెలిగింది. అంచులు మళ్ళీ అదిమి తొట్టెలోనే వేసింది. ఆ మర్నాడూ వెలిగింది. తోటివాళ్ళు భయపడి ఆ తొట్టె దగ్గరికి రావడం మానేశారు. ఆడబిడ్డ ఒక్కతే నవ్వింది.

"మా అన్నయ్య అంతే వదినా. పొమ్మంటే ఎప్పుడు కదిలాడు గనక?"

ఆ వెలుగు చూడనిదే ఆమెకు పొద్దు మొదలయ్యేది కాదు.

లోడు పంపాలని షావుకారు తొందరపెట్టిన రోజు, ఆడబిడ్డే తొట్టెలో చెయ్యిపెట్టి అందిన సెల్లులన్నీ పట్టుకుపోయింది. ఎర్ర టేపు సెల్లు కత్తి కిందికి చేరింది. ఆమె పరుగున వెళ్ళి ఆ మణికట్టు పట్టుకుంది.

"ఆగు. అది బతికే ఉంది."

"ఇన్నాళ్ళు నానినా?"

"నేనే చావనివ్వలేదు. టేపు తీయలేదు. నీళ్ళు తగలనివ్వలేదు."

ఆడబిడ్డ కత్తి పక్కన పెట్టి, పీట జరిపింది. ఇద్దరూ కూర్చుని టేపు ఊడదీశారు. జిగురులో బొటనవేలి ముద్ర ఒకటి ఉంది. సెల్లు తొట్టెలో వేయగానే బుడగలు లేచాయి, అడుగున ఎవరో ఊపిరి వదులుతున్నట్టు. అవి ఆగేదాకా ఇద్దరూ కదల్లేదు.

మర్నాడు బల్బు వెలగలేదు. ఆ సెల్లు పొడి ఆమే జల్లించి, అందరి పొడిలో కలిపేసింది.

అతని ఆటోకి చప్పుడుండేది కాదు. సాయంత్రాలు ఆమె ఇంటికి నడిచి వెళ్తుంటే వెనకే వచ్చి, హారన్ కొట్టకుండా ఆగేవాడు. వీపుకు తెలిసి ఆమే తిరిగి చూసేది. ఆ సాయంత్రమూ వీపుకు తెలిసింది. ఆమె తిరగలేదు. గోడవైపు జరిగి దారి ఇచ్చింది.

ఏ బండీ ఆమెను దాటి వెళ్ళలేదు.