పులు అన్న మాట

నిన్న పెరట్లో గడ్డి కోయిస్తుంటే పచ్చివాసన గదిలోకి కొట్టింది. కోస్తున్న ఆవిడ కిటికీ దగ్గరికొచ్చి, "పుల్లంతా కోసేసినానమ్మా" అంది. ఆ మాటతో తిరుత్తణి బడిలో మా తెలుగు పండితులు గుర్తొచ్చారు.

నేను నేతగాళ్ల ఇంటి పిల్లని. అప్పట్లో ఆ బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరాను. మాటల పిచ్చి నాకు ఆయనే అంటించారు. నిఘంటువు తర్వాత, ముందు ఆ వస్తువుతో బతికేవాళ్లని అడగమనేవారు. ఓసారి కనకమ్మ సత్రం దగ్గర, గడ్డిమోపు దించుకున్న ముసలామెను నా ముందే అడిగారు: "దీన్ని మీ ఇంట్లో ఏమంటారమ్మా?"

"పుల్లు సామీ. మా అవ్వ పులు అంటా ఉండె."

ఆయన ముఖం వెలిగిపోయింది. పాత తెలుగులో పులు అంటే గడ్డే. "అరవంలో పుల్లు, మనకు పులు. ఎవరి దగ్గర ఎవరు తీసుకున్నారని కొట్లాడొద్దమ్మాయ్. ఒకే తల్లి ఇద్దరు బిడ్డలకీ ఇచ్చిన మాట" అన్నారు.

అప్పటికే తిరుత్తణి ఆంధ్రదా, మద్రాసుదా అని ఊరు రెండుగా చీలి ఉంది. ఇక్కడి జనం మాట తెలుగేనని సరిహద్దు విచారించే అధికారులకు చూపడానికి పండితులు కూర్చిన మాటల పట్టీని నేను శుద్ధప్రతి రాస్తున్నాను. బడి కమిటీ పెద్ద నన్ను ఇంటికి పిలిపించాడు.

"పులు మనదే, అరవమోళ్లు మన దగ్గర తీసుకున్నారని రాయి. ఒకే తల్లి అంటే మనకేం ఒరుగుతాది? నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, చూసుకో."

రాశాను. భయం ఒక్కటే కాదు. ఊరు ఆంధ్రలో ఉంటే చాలు, గడ్డి మాట ఏమైతేనేం అనుకున్నాను.

అధికారుల ముందు ఆ పట్టీ చదవగానే పండితులు లేచి నిలబడ్డారు. "ఇది నేను రాసింది కాదు. ఇది అబద్ధం" అన్నారు. దాంతో పట్టీ మొత్తం చెల్లకుండా పోయింది. తెలుగు పండితుడే తెలుగుకు ద్రోహం చేశాడని కమిటీ ఆయన్ని బడి నుంచి తీసేసింది. పట్టీ మార్చింది నేనని ఆ కమిటీ ముందు నోరు విప్పలేదు.

పుస్తకాలు తీసుకెళ్లడానికి వచ్చిన రోజు ఆయన నా ప్రతిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అక్షరాలు ముత్యాల్లా ఉండాయి తల్లీ" అన్నారు. అందులో వెటకారం లేదు.

కమిటీవాళ్లు ఆయన ఉద్యోగం నాకే ఇచ్చారు. 1960లో తిరుత్తణి ఎలాగూ మద్రాసు రాష్ట్రానికే పోయింది. నా చేతిరాత బాగుందని ఎవరైనా అంటే, ఇప్పటికీ నా చెయ్యంటే నాకు అసహ్యం వేస్తుంది.