పడవకు నీళ్ళు తాపిన ఏడాది

అటక మీది ఇత్తడి చెంబు దించినప్పుడల్లా, చింతపండుతో ఎంత తోమినా వదలని అడుగు మరకలోంచి సన్నగా గుగ్గిలం వాసన వస్తుంది. దాని వెనకే డెబ్బైల నాటి మా ఎండాకాలం, గడ్డిలో మాగేసిన మామిడిపళ్ళు, వసారా నిండా పోసిన పత్తి వచ్చేస్తాయి.

మాది గంపలగూడెం దగ్గర, వాగు అవతలి పల్లె. వాన ముదిరితే తిరువూరు ఆసుపత్రికి దారి ఉండేది కాదు. ఆ ఎండాకాలానికి ముందు ఏడాది శ్రావణంలో తొలికాన్పుకు వచ్చిన పెద్దక్క, వాగు తగ్గక, బిడ్డను పోగొట్టుకుంది. మళ్ళీ నెల తప్పిందనగానే తాతయ్య బందరు వెళ్ళి, సముద్రం మీద తిరిగి తిరిగి ఒడ్డున పడి ఉన్న పాత తెరచాప పడవ ఒకటి లారీ మీద తెచ్చి మామిడితోటలో దించాడు. ఆయనకు ఈత కూడా రాదు.

తెరచాప కొయ్యను పీకి దొడ్లో బట్టలారేసే దండేనికి పాతారు. ఎండకు ఎండిన పలకల మధ్య నా వేలు పట్టేంత సందులు. పత్తి పండించేవాళ్ళం, దూదికి కొదవా? తాతయ్య, పాలేళ్ళు కలిసి బోరెం గోతంలో పత్తి తొక్కినట్టు దూది కూరి, నూనెలో మరిగించిన గుగ్గిలం పోశారు. పోయడానికి నాయనమ్మ మంచినీళ్ళ చెంబు ఎత్తుకెళ్ళి ఇచ్చింది నేనే. ఆ రోజు నా వీపు విమానం మోత మోగింది.

తొలకరికి గేదెల కుంటలో దించితే, రెండో రోజుకు చెక్కలు ఉబ్బి, ఉబ్బడానికి చోటు లేక, ఒక పలక మేకులతో సహా ఊడి వచ్చింది. తాతయ్య గట్టు మీద కూలబడ్డాడు. అక్క ఇంట్లోకి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

కబురు పెడితే బందరు నుంచి పడవల మేస్త్రీ వచ్చి, కూరిన దూదిని వేలితో నొక్కి చూశాడు.

"ఎండిపోయిన పడవకి ముందు నీళ్ళు తాపాలండీ పెద్దయ్యగారూ. దూది తర్వాత. అదీ వదులుగా పెట్టాలి."

దూదంతా లాగేసి, కొత్త పలక వేసి, రాళ్ళు నింపి పడవను ఎనిమిది రోజులు కుంటలో ముంచేశాడు. తేలడానికి తెచ్చినదాన్ని ముంచడం చూడలేక తాతయ్య అటువైపే వెళ్ళలేదు. పైకి తీశాక సందులు చాలావరకు వాటంతటవే మూసుకున్నాయి. మిగిలినవి మేస్త్రీ పూడ్చాడు. వానాకాలమంతా ఉండమని తాతయ్య ఆయన్ను బతిమాలి ఆపాడు.

అక్కకు నొప్పులొచ్చిన పొద్దున వాగు ఎర్రగా పొంగుతోంది. ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన మోకు పట్టుకుని మేస్త్రీ పడవను లాగాడు. అక్క చెయ్యి పట్టుకుని తాతయ్య, నీళ్ళొస్తే తోడడానికి ఈ చెంబుతో నేను.

"నీళ్ళొస్తున్నాయేమో చూడవే," అని అక్క మూడుసార్లు అడిగింది.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన ఉంది. పడవ ఎప్పుడో పొయ్యిలోకి పోయింది, తాతయ్యా లేడు. ఆ రోజు తిరువూరులో పుట్టిన అక్క కూతురు వచ్చినప్పుడల్లా నేను ఈ చెంబుతోనే మంచినీళ్ళిస్తాను. "ఈ వాసనేంటి పిన్నీ!" అని మొహం చిట్లిస్తుంది. ఆ రోజు వాగు దాటేదాకా ఈ చెంబుకు తోడడానికి ఒక్క చుక్క దొరకలేదు.