మాస్టారు చెప్పకుండా పోయిన అంకె

మాస్టారు పోయారని తెలిసేసరికి నేను ఆయన మీద మండిపడుతూ ఉన్నాను. ఆ పొద్దున నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఏ వంతెన కిందో దూరి ఉంటారు, ఫోను బండి డిక్కీలో పడేసి ఉంటారు అని తిట్టుకుంటూ ఐదోసారి చేస్తే వాళ్ళావిడ ఎత్తారు. శిష్యులందరం ఆవిడని అమ్మగారనే పిలుస్తాం. "తెల్లవారుజామున నిద్రలోనే పోయారమ్మా. కాఫీకి లేపుదామని వెళితే పలకలేదు" అన్నారు. నాకు ఏడుపు రాలేదు. "మరి ఆ అంకె?" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. పైకి అనకుండా మింగేశాను గానీ, తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ అంకె ఏమిటో చెప్పకపోతే మీరు నన్ను రాక్షసి అనుకుంటారు. మాస్టారు మా వైపు ఇంజనీరింగ్ కాలేజీలో స్ట్రక్చర్స్ పాఠం చెప్పేవారు. నేను ఆయన దగ్గర చదువుకున్నాను. రిటైరయ్యాక, రాజమండ్రిలో నేను పనిచేసే చిన్న డిజైన్ ఆఫీసుకి సలహాదారుగా వచ్చారు. కిందటేడాది మాకు డెల్టాలోని ఒక పాత కాలువ వంతెన పని వచ్చింది. రెండు రాతి స్తంభాలు, వాటి మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా ఒకటే కాంక్రీటు శ్లాబు. అది ఈ రోజున ఎంత బరువు మొయ్యగలదో తేల్చి చెప్పాలి. అందుకు కంప్యూటర్లో వంతెన నమూనా కట్టి, దాని మీద లారీల బరువులు పెట్టి చూస్తాం. మోడల్ మాస్టారు కట్టారు. రిపోర్టు రాసి సంతకం పెట్టాల్సింది నేను.

మోడల్‌లో స్తంభం కింద నేల ఎంత గట్టిదో ఒక అంకె రూపంలో చెప్పాలి. పెద్ద అంకె అయితే గట్టి నేల, చిన్నదైతే మెత్తనిది. మట్టి పరీక్ష చేసినవాళ్ళు ఇచ్చిన కాగితంలో పెద్ద అంకె ఉంది. మాస్టారు దాన్ని పక్కన పెట్టి, అందులో పదో వంతు కూడా లేని ఇంకో అంకె వేశారు. ఎక్కడినుంచి తెచ్చారో ఒక్క ముక్క రాయలేదు. కాగితంలోని అంకె వేస్తే రైస్ మిల్లు లారీలు నిండు బరువుతో దర్జాగా వెళ్ళిపోవచ్చు. మాస్టారి అంకె వేస్తే పన్నెండు టన్నులు దాటిన బండి ఏదీ ఎక్కకూడదు. "ఎక్కడిదండీ మాస్టారూ ఇది?" అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఒకటే జవాబు, "వెళ్ళి చూడమ్మా." ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. చెబితే ఏం పోతుందండీ? నోరు అరిగిపోతుందా? సోమవారం కాలువల ఇంజనీరుగారి దగ్గర మీటింగు ఉందనగా, శుక్రవారం ఆయన వెళ్ళిపోయారు.

ఆయన రాయకపోవడానికి ఒక కారణం ఉంది. అందులో నా వాటా కూడా ఉంది కాబట్టి దాచడం న్యాయం కాదు. చాలాకాలం కిందట మాస్టారు ఒక కాలువ వంతెన మీద ముచ్చటగా రిపోర్టు రాసి లైబ్రరీలో పెట్టారు. అది కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్సు షాపుకి చేరింది. ఇక అక్కణ్ణుంచి ఏ బ్యాచి ప్రాజెక్టు చూసినా, వంతెన ఏ ఊరిదైనా సరే, స్తంభం కింద అదే అంకె. మా బ్యాచి కూడా దించేసింది. వైవాలో మాస్టారు నా రిపోర్టు తిరగేసి, "ఎక్కడి వంతెనమ్మా ఇది?" అని అడిగారు.

"కోరుకొండ దగ్గరదండి."

"కోరుకొండకి ఈ కాలువ బంకమట్టి ఎలా వచ్చిందమ్మా? కొండ మీది స్వామి దర్శనానికి మెట్లెక్కి వచ్చిందా?"

పక్కన కూర్చున్న ఎగ్జామినర్ గారు పడీ పడీ నవ్వారు. నేను అక్కడే ఏడ్చేశాను. మాస్టారు మాత్రం నవ్వలేదు. రిపోర్టు మూసి, "రాసిపెట్టడం నాదే తప్పు" అన్నారు. ఆ తర్వాత ఆయన ఎవరికీ ఏ అంకె రాసివ్వలేదు. "రాసిస్తే దించేస్తారు. చూసొస్తే మర్చిపోరు" అనేవారు. బాగానే ఉంది. కానీ చూసిరావడానికి అవతలివాళ్ళకి టైము ఉండాలి కదా! మనిషన్నవాడు ఏదో ఒకరోజు పోతాడన్న సంగతి అంత లెక్కల మనిషికి తట్టలేదంటే ఏమనుకోవాలి?

కంప్యూటరంటే గిట్టని పాతకాలపు మనిషి అనుకునేరు, అదేం కాదు. కొత్త సాఫ్ట్‌వేర్ ఏదొచ్చినా ఆఫీసులో అందరికంటే ముందు నేర్చుకునేది ఆయనే. కళ్ళజోడు నుదుటి మీదికి తోసేసి, స్క్రీనుకి ముక్కు ఆనించి, గీసిన వంతెనని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ మురిసిపోయేవారు. మేము రంగు రంగుల బొమ్మలు ప్రింటు తీసి రిపోర్టు లావు చేసి చూపిస్తే, "బొమ్మ బాగుంది. వంతెన ఎలా ఉంది?" అనేవారు. మాలో సగంమంది ఆ వంతెనని కళ్ళతో చూసి కూడా ఉండరు.

శనివారం వెళితే అమ్మగారే ఆయన గది తాళం చేతిలో పెట్టారు. "నీ కాగితాలేవో ఉన్నాయన్నావుగా, చూసుకో తల్లీ." పెళ్ళి శుభలేఖల వెనకాల, మందుల చీటీల మీద, బస్సు టిక్కెట్ల మీద అన్నీ లెక్కలే. ఏది ఏ వంతెనదో దేవుడికే తెలియాలి. లాప్‌టాప్‌లో మోడల్ ఉంది, అంకె ఉంది, పక్కన నోట్సు రాసుకోవడానికి ఇచ్చిన గడి ఖాళీగా ఉంది. నేను విసుగ్గా ఒక కట్ట కిందపడేశాను. అమ్మగారు గుమ్మంలోంచి చూస్తూ, "నలభై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, నాకే ఏదీ చెప్పలేదమ్మా ఆయన. బీపీ బిళ్ళలు మానేసిన సంగతి కూడా నిన్న డాక్టరుగారు చెబితే తెలిసింది" అన్నారు. మళ్ళీ తనే ఒక పాత ముచ్చట మొదలుపెట్టారు. ఒకసారి అన్నవరం వ్రతానికి బయలుదేరితే, దారిలో కారు ఆపించి ఒక వంతెన కిందికి దిగారట. ఎంతకీ పైకి రారు. "వ్రతం టైమైపోతోందండీ!" అని ఈవిడ పైనుంచి కేకేస్తే, "స్వామి ఎక్కడికీ పోడు, ఈ శ్లాబు కింద బేరింగు పోయేలా ఉంది!" అని కిందనుంచి జవాబు. చెబుతూ చెబుతూ నవ్వి, చెంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. నేను కాగితాలు ఏరి మళ్ళీ కట్ట కట్టాను.

ఇక చేసేదేముంది, ఆదివారం వంతెన దగ్గరికి వెళ్ళాను. అది మే నెల. డెల్టాలో వేసవి వస్తే మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. కాలువలో చుక్క నీరు లేదు. స్తంభం మొదట్లో నల్లమట్టి బీటలు తీసి ఉంది. మడమతో తన్నితే మడమే నొప్పి పుట్టింది. అప్పుడు వెలిగింది నాకు. బోరు వేసి మట్టి తియ్యాలంటే కాలువలో నీళ్ళుండకూడదు. అందుకని అందరూ మేలోనే మట్టి పరీక్ష చేస్తారు. మేలో ఆ మట్టి రాయి. నీళ్ళు వదిలాక ఏడాదిలో మిగతా నెలలన్నీ అదే మట్టి నాని నాని ముద్దవుతుంది. స్తంభాల పునాది చూస్తే లోతు లేదు, ఆ మట్టి మీదే కూర్చుంది. వరిచేలో కాలు పెట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి ఇది. ఇంత చదువుకుని కాగితం మీది అంకెని నమ్మిన నాకు తెలియలేదు.

గట్టు మీద టీ కొట్టు ఆవిణ్ణి అడిగాను, ఫలానా పెద్దాయన ఇక్కడికి వచ్చేవారా అని.

"ఆయ్, మాస్టారుగారా? తాపీమేస్త్రీలు లెవెల్ చూసుకునే నీళ్ళ ట్యూబు లేదాండీ, అది పట్టుకుని వచ్చేవారండి. ఓ కొస గట్టు మీద, ఓ కొస ఆ స్తంభం దగ్గర కట్టేవారు. ఇటుకల లారీని నడిమధ్యన ఆపించేసి, నీళ్ళు ఎంత దిగాయో చూసుకునేవారండి. డ్రైవర్లు తిట్టేవోళ్ళు. ఆళ్ళకి నా దగ్గరే టీ ఇప్పించేవారు."

"ఎప్పుడు వచ్చారండి?"

"కిందటేడు నీళ్ళొదిలిన కొత్తలో రెండు మాట్లు వచ్చారండి. మళ్ళీ మోకాలు నొప్పని రాలేదు. ఈసారి ఎప్పుడొస్తారండి?"

ఆవిడకి నిజం చెప్పలేకపోయాను. డబ్బులిచ్చి వచ్చేశాను.

మీటింగులో ఇంజనీరుగారు మర్యాదగానే మాట్లాడారు. ఆ మర్యాదే నాకు విసుగు తెప్పించింది. "మాస్టారంటే మాకూ గౌరవమేనండి మేడమ్. కానీ ఆధారం లేని అంకెని ఫైల్లో ఎలా పెడతాం? మట్టి పరీక్ష రిపోర్టు ఉంది కదా, అది వేసెయ్యండి. లేదంటే ఏదో ఒక పుస్తకం పేరు రాసెయ్యండి, అయిపోతుంది." పుస్తకం పేరు రాసెయ్యడం ఎంత పని? ఒక్క నిమిషం ఆశ పుట్టిన మాట నిజం. కానీ కోరుకొండ కొండెక్కిన మట్టి గుర్తొచ్చింది. "ఈ మట్టి పరీక్ష ఎండలో చేసిందండి. నీళ్ళు వదిలాక నేనే కొలిచి తెస్తాను. అప్పటిదాకా మాస్టారు చెప్పిన పన్నెండు టన్నుల బోర్డు పెట్టించండి" అన్నాను. ఆయన గడ్డం గోక్కుని, "సరే, వానాకాలం అయ్యేలోపల తేల్చండి. మిల్లులవాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు" అన్నారు.

జూన్‌లో కాలువకి నీళ్ళు వదిలారు. నేను ట్యూబు కొనుక్కుని వెళ్ళి, అదే మాదిరి ఇటుకల లారీని నడిమధ్యన ఆపించి, డ్రైవరు చేత తిట్లు తిని, టీ ఇప్పించి, ఆ బరువుకి స్తంభం ఎంత కుంగిందో కొలుచుకున్నాను. ఇంటికొచ్చి లెక్క కడితే అచ్చంగా మాస్టారి అంకె వచ్చింది. నా సంతోషం చెప్పలేను. ఆ ఒక్క రోజూ ఆయన మీద కోపం పోయింది. ఆయన మూడుసార్లు చెప్పిన ఆ రెండు మాటలకి ఇన్నాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. అక్కడితో ఆగి సంతకం పెట్టేసి ఉంటే ఈ నివాళి వేరేగా ఉండేది.

జులైలో ఇంకోసారి వెళ్ళాను. అంకె తగ్గింది. తప్పు కొలిచానేమోనని మర్నాడు మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అదే. ఆగస్టులో ఇంకా తగ్గింది. కాలువ నిండేకొద్దీ మట్టి ఇంకా నానుతోంది. నీళ్ళొదిలిన కొత్తలో రెండుసార్లు చూసి మాస్టారు అదే చివరి మాట అనుకున్నారు. మోకాలు నొప్పి అన్నారట, నాకు ఫోన్ చేస్తే నేను వెళ్ళనా? చెప్పలేదే! చెప్పి ఉంటే అప్పుడే ఇద్దరం కలిసి పట్టుకునేవాళ్ళం. నా అంకెలు వేసి మోడల్ నడిపిస్తే పన్నెండు కాదు, ఎనిమిది టన్నులు వచ్చింది. పన్నెండు అంటే స్కూలు బస్సు పిల్లలతో సహా దాటిపోవచ్చు. ఎనిమిది అంటే ఖాళీ బస్సు మాత్రమే.

మాస్టారూ, మీ లెక్క తప్పండీ! పదిహేనేళ్ళలో మొదటిసారి మీ తప్పు నేను పట్టుకున్నాను. ఎవరికి చెప్పుకోను? మీరుంటే కళ్ళజోడు పైకి తోసి, గంటసేపు నాతో వాదించి, లారీ ఎక్కడ ఆపావు, ట్యూబులో గాలి బుడగ ఉందేమో అని నన్ను చంపుకుతిని, చివరికి బండి తీసి పదమనేవారు. ఆ గొడవ నాకు కావాలి. ఓదార్పులు, సంతాప సభలు నాకొద్దు. రిపోర్టులో అన్నీ రాశాను, తారీకులు, నీటి లోతు, లారీ బరువు, ట్యూబు పొడవు. ఎవరైనా దించుకుంటే దించుకోనీ, ఏ ఊరి మట్టో, ఏ నెలలో తీసినదో కూడా దించుకోక తప్పదు.

బోర్డు మీద ఎనిమిది వేయించిన మర్నాడు వంతెన దగ్గరే ఉన్నాను. సన్నగా వాన పడుతోంది. స్కూలు బస్సు గట్టు మీద ఆగింది. డ్రైవరు గొణుక్కుంటూ పిల్లల్ని దింపాడు. టీ కొట్టు ఆవిడ నా మీద విరుచుకుపడింది. "ఏంటండీ ఇది, పిల్లల్ని వానలో నడిపిస్తారా? మీ మాస్టారైతే బస్సుని పోనిచ్చారు!"

"ఆయన లెక్క తప్పిందండి. ఆయన లేరు కూడా. మే నెలలోనే పోయారు" అన్నాను. ఏడుపు అప్పుడొచ్చింది. ఆవిడ కెటిల్ కింద పెట్టేసింది.

పిల్లలు బ్యాగులు నెత్తిన పెట్టుకుని వంతెన మీద బారుగా నడుస్తున్నారు. రెండు జడల పాప ఒకతె నా ముందు ఆగింది.

"ఆంటీ, మమ్మల్ని దిగమన్నది మీరేనా?"

"నేనేనమ్మా."

"ఎందుకు?"

నేను ఆ తడిలోనే గొంతుక్కూర్చుని, స్తంభం కింద మట్టి నానితే ఏమవుతుందో, బస్సు నిండా వాళ్ళుంటే ఏమవుతుందో మొదట్నుంచీ చెప్పాను. పాప పిట్టగోడ పట్టుకుని వంగి నీళ్ళలోకి చూసింది. ఖాళీ బస్సు వైపర్లు ఆడించుకుంటూ మా పక్కనుంచి నెమ్మదిగా దాటింది. అవతలి గట్టు మీద పిల్లలు కిటికీ సీట్ల కోసం అప్పుడే తోసుకుంటున్నారు.