నడికట్టు గుడ్డల బొంత

మా పంతులమ్మగారు పోయారన్న కబురు పాలతో పాటు వచ్చింది. “వెనక వీధి పంతులమ్మగారు ఎల్లిపోనారమ్మా” అన్నాడు పాలవాడు. గిన్నె అరుగు మీదే వదిలి పరుగెత్తాను.

బడిలో పిల్లలకు డ్రిల్లు నేర్పి రిటైరయ్యాక, ఆవిడ అరసవల్లిలో మేనల్లుడి ఇంటి పెరట్లో ఆడవాళ్లకు ఆసనాలు నేర్పేవారు. సూర్యుడి గుడి ఉన్న ఊరు కదా, మగవాళ్లు సూర్యనమస్కారాలు చేస్తే పుణ్యం. ఆడవాళ్లు చేస్తే మాత్రం గర్భసంచి జారిపోతుందట! ఆ మాట అన్నవాళ్లెవరూ ఏనాడూ నూతి దగ్గర నిండు బిందె ఎత్తి ఎరగరు.

నా రెండో కాన్పు తర్వాత నడుం నిలిచేది కాదు. దగ్గితే చీర తడిసేది. ఇలాంటివి పత్రికలో రాస్తారా అని ముక్కు మీద వేలేసుకుంటారేమో, వేసుకోండి. ఆవిడ అడిగేదాకా నేనూ నోరు విప్పలేదు. ఆ సిగ్గు వల్ల నాకు ఒరిగిందేమీ లేదు.

బాలింత పొట్టకు పాత చీరముక్క బిగించి కట్టడం మా వైపు ఆనవాయితీ. దాన్నే నడికట్టు అంటాం. బిడ్డ పాకుతున్నా మా అత్తగారు నాది విప్పనివ్వలేదు.

“ఆ గుడ్డ ఇప్పీయే” అన్నారు పంతులమ్మగారు మొదటిరోజే.

“మా అత్త తిడతాదండీ.”

“నాను ఇప్పమన్నానని సెప్పు. నీ లోపల ఇంకో నడికట్టు ఉన్నాది. దాన్ని కూకోబెట్టి ఈ గుడ్డకి పని సెప్పినావు.”

వెల్లకిలా పడుకోబెట్టి, నా వేళ్లు తుంటి ఎముకలకు కాస్త లోపలగా పెట్టించి దగ్గమన్నారు. దగ్గాను. వేళ్ల కింద ఏదో బిగిసి వదిలింది.

“అదే. ఇప్పుడు దగ్గకుండా దాన్ని పిలు.”

నేను పొట్ట లోపలికి పీల్చి, ఊపిరి బిగబట్టి, మొహం ఎర్రగా చేసుకున్నాను.

“ఫొటో తీయించుకుంటన్నావేటే? పొట్ట దాసుకోడం కాదు. ఊపిరొదులు. వదుల్తూ బిగించు.”

ఆ ఒక్క ముక్క ఒంటికి ఎక్కడానికి చాలాకాలం పట్టింది. ఓ మధ్యాహ్నం మజ్జిగ తాగుతూ పొలమారి గట్టిగా దగ్గాను. చీర తడవలేదు. వంటింట్లో కూలబడి ఏడ్చేశాను, సంతోషంతోనే.

గుడ్డ విప్పిన ప్రతి ఆడదాని దగ్గరా ఆ ముక్క అడిగి తీసుకునేవారు. అన్నీ కలిపి బొంత కుట్టారు. దాని మీదే మాకు పాఠం. ఒకసారి ఊరి పెద్దమనిషి ఒకాయన, కుటుంబ నియంత్రణ వాళ్ల ఎర్ర త్రికోణం వేసిన గోడ పక్కన నిలబడి, “ఆడోళ్లకి ఇయ్యన్నీ ఏటమ్మా?” అన్నాడు.

“బిడ్డని మోసినోళ్లకి కాక గెడ్డం మోసినోళ్లకా బాబూ?” అన్నారావిడ. ఆయన మళ్లీ ఆ వీధి తొక్కలేదు.

నేను వెళ్లేసరికి పెరట్లో ఆవిడ చాప, తలగడ, దుప్పటి కుప్ప వేసి ఉన్నాయి. పోయినవాళ్ల పక్కబట్టలు ఊరి బయట పారేస్తారు కదా. ఆ కుప్ప మీద మా బొంత! లాగాను.

“అది మా అత్త పక్క వదినా, పడీయాల” అన్నాడు మేనల్లుడు. “రేపట్నుంచి ఈ ఇంట్లో ఆసనాలూ లేవు.”

“పక్క కాదు బాబూ, మా బడి. ఇక్కడ లేకపోతే మా ఇంట్లో ఉంటాది” అని భుజాన వేసుకుని వచ్చేశాను.

గుమ్మంలో మా అత్తగారు అడ్డం నిలబడ్డారు. “సచ్చినోళ్ల గుడ్డ ఇంట్లోకి తెస్తావేటే?”

“నువ్వు కట్టిన గుడ్డా ఇందులోనే ఉన్నాది అత్తా. సూడు.”

ఆవిడ వంగి చూశారు. తన పాత ఆకుపచ్చ చీర అంచు కనబడింది. దాన్ని వేలితో తడిమి పక్కకు తప్పుకున్నారు.

పన్నెండో రోజు వెళ్లాక మా పెరట్లో బొంత పరిచాం. నేను పంతులమ్మను కాను, కాలేను. అయినా వచ్చినవాళ్లందరినీ పడుకోబెట్టి, వేళ్లు పెట్టించి, “దగ్గండి” అన్నాను. అందరూ ఒక్కసారే దగ్గారు.

గోడ అవతల్నుంచి ఎవరో కేకేశారు: “ఏటమ్మా, ఈదంతటికీ జలుబా?”

పగలబడి నవ్వాం. నవ్వుతుంటే మా అందరి వేళ్ల కిందా అది బిగిసింది.