కాక ఫోటో కింద రాయకూడని మాట

కాక చనిపోయిన కబురు మాకు మా నాటకాల్లో వేషాలు వేసే మెకానిక్ భాయ్ గొంతులో వచ్చింది. పోయిన నెల ఒక శుక్రవారం, పొద్దున తొమ్మిది దాటింది. మా నాటకాల వాట్సాప్ గ్రూపులో చిన్న వాయిస్ మెసేజ్. "కాక పోయిండు. గుండె ఆగింది. దవాఖాన గేటు దాక గూడ తీస్కపోలేకపోయిన. జల్ది రాండ్రి." అంతే. దాని కింద మొదటి జవాబు ఏం వచ్చిందో తెలుసా? "సూపర్ భాయ్! పాత్రదే కదా?" అని. పక్కన రెండు నవ్వు బొమ్మలు.

ఆ జవాబు పెట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు. మమ్మల్ని అట్లా తయారుచేసింది కాకే. నా కోపమంతా ఆ తర్వాత జరిగిన దాని మీద. కాకను ఎరగనివాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ముందు ఆయన ఎవరో చెప్తాను.

కాక నాకు చుట్టం కాదు. గోదావరిఖనిలో మా క్వార్టర్‌కు ఎదురు లైనులో ఉండేవాడు. తట్ట, చెమ్మస్ పార పట్టుకొని బొగ్గు నింపే పనికి చేరి, మోకాళ్లు అరిగేదాకా బొగ్గు బాయిలో దిగి రిటైర్ అయినవాడు. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, సాయంత్రం ఐదింటికల్లా రిహార్సల్‌కు వచ్చేవాడట. కళ్ల చుట్టూ బొగ్గు గీత ఎంత కడిగినా పోయేది కాదు. "నాకు మేకప్ బాయిలనే అయితది, మీరు కానియ్యిండ్రి" అనేవాడు.

ఆయన చదివింది మూడో తరగతి. నాటకాలు మాత్రం పదిహేను దాకా కట్టాడు. నోటితో చెప్తుంటే ఎవరో ఒకరు రాసేవాళ్లు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒకరోజు మా గుమ్మం ముందు నిలబడి, "మీ పిల్ల రాత అచ్చు కొట్టినట్టు ఉంటదట, ఓ గంట పంపుండ్రి" అని అమ్మను అడిగాడు. మా ఇంట్లో పెన్ను పట్టినదాన్ని నేనే మొదటిదాన్ని. అప్పటిదాకా మా ఇంట్లో రాయడమంటే ఫారాలు నింపడమే. రేషన్ ఫారం, బస్ పాసు ఫారం, పక్కింటివాళ్ల పింఛను ఫారం. ఫారం కానిది కూడా రాయొచ్చని నాకు చూపించింది కాక.

మొదటి రోజే ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు. మేము రాస్తున్న నాటకంలో ఒక కార్మికుడి భార్య ఉంది. "ఈమె పాణం దేనికి గుంజుతుంది?" అన్నాడు. నేను బాగా ఆలోచించి, "న్యాయం కోసం కాకా" అన్నాను.

కాక పడీ పడీ నవ్వాడు. "న్యాయం సంగతి మూడో సీన్ల జూద్దాం తియ్యి. ఇప్పుడు పొద్దుగాల తొమ్మిదయింది, ఇంట్ల ఒక్కతే ఉన్నది. ఇప్పుడు దేనికి గుంజుతుంది? చాయ్‌కా? ఎండు చేపకా? పక్కింటోళ్ల ముచ్చటకా? గది తెల్వకుంటే గామెకు చేతులెక్కడ వెట్టుకోవాల్నో గూడ తెల్వదు."

ఆయన నాటకం కట్టే పద్ధతి అదే. ఏడుపూ కోపమూ తర్వాత. ముందు ప్రతి పాత్రకూ ఒక చిన్న యావ ఉండాలె.

తర్వాత నటులు చెల్లాచెదురైపోయారు. ఒకరికి మందమర్రి, ఇంకొకరికి రామకృష్ణాపూర్ బదిలీ అయింది. అందరం కూడి రిహార్సల్ చేయడం కుదరక గ్రూపు మొదలైంది. దాన్ని పెట్టింది మందమర్రిలో ఆఫీసు పని చేసే ఒక అన్న. ఆయన్ని అందరం అడ్మిన్ అన్న అంటాం. ఆ గ్రూపులో కాక ఒక ఆట పెట్టాడు. ప్రతి ఐతారం, అంటే ఆదివారం, ఒకరు తమ యావ ఏదో వాయిస్ మెసేజ్‌లో చెప్పాలె. అది వాళ్ల సొంతదైనా కావచ్చు, వాళ్లు తయారుచేస్తున్న పాత్రదైనా కావచ్చు. వినేవాళ్లు "సొంతదే" అనో "పాత్రదే" అనో ఓటు వేయాలె. నిజం వచ్చే ఐతారం బయటపడుతుంది. ముందే తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే మిగతావాళ్లను తప్పుదారి పట్టించాలె. అదీ నియమమే.

ఎంత నవ్వుకున్నామో! మెకానిక్ భాయ్ పెట్రోలు వాసన గురించి చెప్పాడు. "టాంకీ మూత తియ్యంగనే ముక్కు పెడ్త. మా అమ్మీ అంటది, నువ్వు ఇంట్ల గాదురా, బంకుల పుట్టాల్సినోనివి అని." అది సొంతదే. అడ్మిన్ అన్నకు రోజుకు పది చాయ్‌లు. పదకొండోది తాగుతూ ఆ సంగతి చెప్పాడు, చప్పరింత కూడా వినబడింది. అదీ సొంతదే.

నా వంతు వచ్చిన ఐతారం నేను బలపం తింటానని చెప్పాను. చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు, డిగ్రీకి వచ్చినా పోలేదు. బ్యాగులో పుస్తకాల కింద బలపాల డబ్బా పెట్టుకునేదాన్ని. అందరూ "పాత్రదే" అన్నారు. సొంతదేనని తెలిశాక ఒకటే ఆటలు పట్టించారు. "చెల్లె, బ్లాక్‌బోర్డు జోలికి పోకు, కాలేజీల ఒక్కటే ఉన్నది" అని ఒకరు, "చదువు జీర్ణమైందా?" అని ఇంకొకరు. నాకు ఫోన్ కింద పడేయాలనిపించింది.

అప్పుడు కాక మెసేజ్ వచ్చింది. "నవ్వింది సాలు గని, బిడ్డా, రేపు పొద్దుగాల తయారుండు. దవాఖానకు పోదాం. రక్తం తక్కువుంటే గట్ల తినబుద్ధయితదట." తెల్లారి తనే వెంట వచ్చాడు. లైన్లో నా ముందు నిలబడ్డాడు. పరీక్ష చేస్తే రక్తం నిజంగానే తక్కువుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అన్నాడు, "యావను తిట్టొద్దు బిడ్డా. నీకేం తక్కువైందని దాన్నే అడగాలె." గోలీలు వేసుకున్నాక, ఆకుకూరలు తిన్నాక, మూడు నెలల్లో నాకు బలపం మీద యావ పోయింది. మా అమ్మ పచ్చి బియ్యం నములుతుంటే ఏండ్ల తరబడి అందరం కసురుకున్నాం. ఆమెను కూడా దవాఖానకు తీసుకుపోయాను. నీకేం తక్కువైందని మా ఇంటి ఆడవాళ్లను అడిగిన మొదటి మనిషి ఆయనే.

ఇప్పుడు ఈ గొడవకంతా మూలమైన తంబాకు, అదే నమిలే పొగాకు, సంగతికి వస్తాను. కాక ఒకప్పుడు తంబాకు తినేవాడు, దాచాల్సిందేమీ లేదు. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు. నిప్పురవ్వ పడితే ఏమవుతుందో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే కాలేది బయట పెట్టి, నమిలేది జేబులో వేసుకొని దిగేవాళ్లు. కాక కూడా అంతే. కానీ నాలుగేండ్ల కింద మానేశాడు. ఎవరూ మానమని చెప్పలేదు. ఒక రిహార్సల్‌లో తన గొంతు రికార్డు చేసి విన్నాడట. "మాట నమిలినట్టు వినవడుతుంది, పాత్ర మొఖం మీద ఉమ్మినట్టే ఉన్నది" అని ఆ రోజే వదిలేశాడు. వారం రోజులు చేతులు వణికాయి. ఆ వణుకుతో ఒక ముసలి పాత్ర కూడా వేశాడు. బాగుందని అందరం చప్పట్లు కొట్టాం.

చనిపోవడానికి ముందు ఐతారం కాక వంతు వచ్చింది. ఆయన మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. "అన్నం లేకున్నా ఒక పూట ఉంట గని, చిటికెడు తంబాకు లేకుంటే పాణం గుంజుతది. ఇంట్ల తెల్వద్దని బియ్యం డబ్బల అడుగున దాసిపెట్టిన. తీసేటప్పుడు గింజలు చప్పుడు జేస్తయి గదా, గప్పుడు గట్టిగ దగ్గుత." గొంతు ఎంత చిన్నగా చేసి చెప్పాడంటే, వింటుంటే నాకే ఎవరైనా చూస్తారేమో అనిపించింది.

అది పాత్రదని నాకు తెలుసు. మేము ఆ నెల రాస్తున్న నాటకంలోని మాటలవి, నా చేత్తో నేనే రాశాను. నియమం ప్రకారం అందరినీ తప్పుదారి పట్టించాలి కాబట్టి, "సొంతదే, వందశాతం. కాకను నేనే చూసిన" అని పెట్టాను. నా మాట నమ్మి, కాక మళ్లీ మొదలుపెట్టాడనుకొని మిగతావాళ్లంతా "సొంతదే" అన్నారు. కాక ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. వచ్చే ఐతారం నిజం చెప్పాలి. శుక్రవారమే పోయాడు.

మూడో రోజున అడ్మిన్ అన్న గ్రూపులో ఒక ఫ్లెక్సీ డిజైన్ పెట్టాడు. సంతాప సభకట. నడుమ కాక ఫోటో. నాటకం రోజున తీసింది, ముఖానికి రంగుంది, నవ్వుతున్నాడు. దాని కింద ఎర్రటి పెద్ద అక్షరాల్లో, "వ్యసనం ప్రాణం తీస్తుంది. ఇకనైనా మేలుకుందాం."

వెంటనే పెట్టాను, "అన్నా, కాక తంబాకు మానేసి నాలుగేండ్లయింది. మొన్న చెప్పింది పాత్రది."

"చెల్లె, బాధల ఉన్నవు, అర్థమైంది" అని జవాబు. ఆ వెంటనే నా ఓటు స్క్రీన్‌షాట్. "సొంతదే, వందశాతం. కాకను నేనే చూసిన." కింద ఇంకో మాట: "నువ్వే గదా జెప్పింది? ఆయన ముచ్చట నలుగురికి బుద్ధి చెప్తదంటే మంచిదే గదా."

దానికి ఇరవై మంది దండం బొమ్మలు పెట్టారు. పోయినోళ్లను గౌరవించే పద్ధతి ఇదేనా అని అడిగాను. మెకానిక్ భాయ్ ఒక్కడే, "నాకైతే కాక నోట్ల తంబాకు వాసన రాలే ఎప్పుడు" అన్నాడు. ఆ మాట దండం బొమ్మల కింద ఎటో పోయింది.

నాకు ఎందుకు అంత మండిందో చెప్తాను. ఆ ఇరవై మందిలో ఒక్కరికైనా యావ లేదా? ప్రతి ఐతారం వాళ్ల నోటితో వాళ్లే చెప్పుకున్నారు, అన్నీ విని ముద్దుగా నవ్వుకున్నాం. రేపు అడ్మిన్ అన్నకు ఏమన్నా అయితే ఆయన ఫోటో కింద చాయ్ ప్రాణం తీస్తుందని రాస్తారా? రాయరు. కుర్చీలో కూర్చున్నవాళ్లది అలవాటు. బాయిలో దిగినవాళ్లది వ్యసనం. ముప్పై ఏండ్లు ఆ దుమ్ములో ఏం పీల్చాడో, ఎన్ని షిఫ్టులు మోకాళ్ల మీద పాకాడో ఎవరికీ గుర్తు రాలేదు. డాక్టరు గుండె అన్నాడు. గుండె ఎందుకు ఆగిందో వీళ్లే తేల్చేశారు, అదీ ఒక నాటకం డైలాగును పట్టుకొని! నటన చూసి బతికిన మనుషులు, తమ డైరెక్టరు ఆఖరి నటనను పోల్చుకోలేకపోయారు. అంత బాగా చేశాడు పాపం. దానికి శిక్ష పడింది.

నా మీద కూడా నాకు కోపమే. ఆ ఓటు నాదే.

సభ కాలనీ స్టేజీ దగ్గర, ఆ తర్వాత వచ్చిన ఐతారం సాయంత్రం నాలుగింటికి. ఎదురెండలో స్టేజీ వెనక రెండు గుంజలకు ఫ్లెక్సీ కట్టి ఉంది. కాక భార్యను, నేను చిన్నమ్మ అని పిలుస్తాను, చేయి పట్టుకొని తీసుకొచ్చాను. ఆమెకు చదువు రాదు. ఫోటోను చాలాసేపు చూసింది. "మంచిగున్నడు" అంది. తర్వాత ఎర్ర అక్షరాలు చూపించి, "ఏం రాసిండ్రు బిడ్డా?" అని అడిగింది.

అడ్మిన్ అన్న నా వైపు చూశాడు. వేరే ఏదో ఒకటి చెప్పేయొచ్చు, "మిమ్మల్ని మరువం" అని రాసిందంటే నమ్మేది. కానీ ఆమెకు అబద్ధం చదవడానికా కాక నాతో అన్నేండ్లు రాయించింది? ఉన్నది ఉన్నట్టు చదివాను.

"వ్యసనమంటే?"

"తంబాకు, చిన్నమ్మా. కాక తంబాకుతోని పోయిండని."

"ఎవలు జెప్పిండ్రు?"

అడ్మిన్ అన్న ముందుకొచ్చి, "ఆయనే మెసేజ్ పెట్టిండు చిన్నమ్మా. బియ్యం డబ్బల దాసిపెట్టుకున్న అని ఆయన గొంతుతోనే చెప్పిండు" అన్నాడు.

"బియ్యం డబ్బనా?" చిన్నమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "గది నాది రా! దాసిపెట్టేది నేను, దగ్గేది నేను. గింజలు చప్పుడైతె ఆయన పక్క అర్రల నుంచి ఇన్నడన్నట్టు. ఒక్కనాడు గూడ అడగలే. నేను లేనప్పుడు తీసి చూసి, మళ్ల గట్లనే పెట్టి మూత పెట్టిండు గావొచ్చు. ఆయనకు ఎరుకలేదనుకున్న నేను." "గదంత నాటకంల రాసిండా ముసలోడు?"

రాశాడని తలూపాను. రాసింది నా చేత్తోనే అయినా, ఆ పాత్ర ఆమెదని నాకు కూడా తెలియదని చెప్పాను. నా ఓటు సంగతీ చెప్పాను. "ఆయన పెట్టిన ఆటనే ఆడినవు. నీకెందుకు ఫికరు" అని నా చేయి గట్టిగా పట్టుకుంది. తర్వాత అడ్మిన్ అన్న వైపు తిరిగింది.

"మానినోని ఫోటో పెట్టి గియ్యి రాస్తరా? రాయాలంటే నా ఫోటో పెట్టు. చెప్పు, ఫోటో ఎప్పుడు దిగాలె?"

"చిన్నమ్మా, నలుగురి మంచి కోసమని..."

"నీ మంచి నీ ఇంటి ముంగట కట్టుకో."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అడ్మిన్ అన్న తల దించుకున్నాడు. "తప్పయింది" అన్నాడు, చాలా చిన్నగా. భాయ్ అప్పటికే నిచ్చెన వేసి తాళ్లు విప్పుతున్నాడు. చిన్నమ్మ కింది నుంచి అరిచింది. "పీకకు భాయ్! ఆయన మొఖం ఉన్నది గదా దాని మీద."

భాయ్ కాసేపు పైనే నిలబడి ఆలోచించాడు. తర్వాత ఫ్లెక్సీని తిప్పి కట్టాడు. తెల్లటి వెనక వైపు మా ముందుకు వచ్చింది. ఎండ అటు నుంచి కొడుతుంటే మెల్లగా కాక ముఖం ఇటు తేలింది. పాపిడి అటుది ఇటయింది, రంగులన్నీ పలచబడ్డాయి, కానీ ఆ నవ్వు ఆయనదే. అక్షరాలు తిరగబడి కూడబలుక్కోవడానికి కూడా రాకుండా ఉన్నాయి. మేమందరం దాని ముందు నేల మీద కూర్చున్నాం. గాలి వచ్చినప్పుడల్లా పెదవుల దగ్గర ఫ్లెక్సీ ఉబ్బుతోంది, మళ్లీ లోపలికి పోతోంది.