మగ గుర్రానికి శ్రీమంతం

సముద్రం మొహం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన ఊళ్లో సముద్రపు గుర్రాలు పెంచాలన్న బుద్ధి మా హెడ్డుకు ఎందుకు పుట్టిందో నాకు బాగా తెలుసు. ఆ ఏడు మార్చిలో మా జువాలజీ డిపార్టుమెంటుకు తనిఖీ బృందం వస్తోంది. వచ్చినవాళ్లకు చూపిద్దామంటే మా మ్యూజియంలో సీసాల్లో పాలిపోయిన పాములూ, ఈకలు రాలిన ఒక గద్దా తప్ప ఏమీ లేవు. ప్రాణంతో కదిలేది ఏదైనా ఉండాలి. గోల్డ్ ఫిష్ పెడితే నవ్వుతారు.

"సీ హార్స్ పెడదాం మేడం. మగది కడుపు మోస్తది గదా, సూశినోళ్లు యాది పెట్టుకుంటరు" అన్నాడు హెడ్డు. పెద్దమనిషిని పట్టుకుని 'అన్నాడు' ఏమిటి అంటారేమో. ఆయనకు అంతకంటే మర్యాద ఇవ్వడం నా వల్ల కాదు.

ఆ పని నా నెత్తినా, నాతో పనిచేసే ఇంకో ఆమె నెత్తినా పడింది. ఇద్దరం కాంట్రాక్టు లెక్చరర్లం. నేను పన్నెండేళ్ల నుంచి, ఆమె మూడేళ్ల నుంచి. ఏటా ఏప్రిల్ ఆఖరున మమ్మల్ని ఇంటికి పంపించి, జూన్‌లో మళ్లీ ఆర్డరు ఇచ్చి పిలుస్తారు. ఎవరిని పిలవాలన్న లిస్టు మీద మాత్రం హెడ్డు మార్చి ఆఖరుకే సంతకం పెట్టి పంపిస్తాడు. ఆ ఏడు జనవరిలోనే మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చెప్పేశాడు. "ఈసారి ఒక్కటే పోస్టు ఉన్నది. ఎవరు మంచిగ పనిచేస్తే వాళ్ల పేరే పోతది."

బయటికి వచ్చాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. తార్నాక చౌరస్తా దాకా నడిచి, అక్కడ చాయ్ తాగుతున్నప్పుడు ఆమే ముందు నవ్వింది. "ఎవరికొస్తే ఏంది అక్కా, ఇద్దరం కలిసే చేద్దాం" అంది. ఆమె నాకంటే పదేళ్లు చిన్నది. పల్లెటూరి నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి చదువుకుని, పెళ్లి చేసుకుని అంబర్‌పేటలో కాపురం పెట్టింది. నాకు సొంత చెల్లెలు లేదు. ఆమెను 'చెల్లె' అని పిలిచేదాన్ని.

అద్దాల తొట్టి అంబర్‌పేటలోనే చేయించాం. పొడుగు తక్కువ, ఎత్తు ఎక్కువ. దుకాణం ఆయన కొలతలు చూసి నవ్వాడు. "గింత ఎత్తెందుకు మేడం? మీ చేపలు ఏమన్న నిచ్చెనెక్కుతయా?" సముద్రపు గుర్రాలు జంట కట్టేటప్పుడు ఎదురెదురుగా నిలబడి పైకి లేస్తాయని, పొట్టి తొట్టి అయితే వాటికి చాలదని మా చెల్లె ఓపిగ్గా చెప్పింది. ఆమెకు ఎవరికైనా ఓపిగ్గా చెప్పే గుణం ఉంది. నాకు లేదు.

తొట్టి రెండో అంతస్తులో. శుద్ధి చేసిన నీళ్లు పట్టే మిషనేమో కింద, ఆఫీసు పక్కన. మధ్యలో లిఫ్టు ఉంది. దానికి అంటించిన 'రిపేరు' కాగితం నేను ఉద్యోగంలో చేరిననాటిది. ఇరవై లీటర్ల క్యాన్లు నింపి, మెట్లెక్కి మోసి, పెద్ద టబ్బులో పోసి, సముద్రపు ఉప్పు ప్యాకెట్లు కలిపి, ఉప్పు సరిపోయిందో లేదో కొలిచి, అప్పుడు తొట్టిలో నింపాలి. మా అటెండరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసేది. "దొడ్డుప్పు ఏస్తే అయిపోదా అమ్మా? గా ప్యాకిట్ల ఉప్పుకు బంగారం పూశిన్రా?"

నీళ్లు నింపగానే గుర్రాలను వదలకూడదు. నీళ్లు కుదురుకోవాలి, గుర్రాలు వదిలే మలినాన్ని తినే సూక్ష్మజీవులు రాళ్లలో పెరగాలి. దానికి నెల పైనే పడుతుంది. నెల పాటు ఆ తొట్టిలో రాళ్లూ, గుర్రాలు తోక చుట్టుకోవడానికి పెట్టిన ప్లాస్టిక్ మొక్కలూ తప్ప ఏమీ లేవు. హెడ్డు రోజూ తొంగిచూసి, "ఏంది మేడం, ఇంకా ఉత్త నీళ్లేనా?" అని వెళ్లిపోయేవాడు.

రెండో వారంలో అనుకుంటాను, క్యాన్లు మోస్తుంటే మా చెల్లె మొదటి అంతస్తు మలుపు దగ్గర క్యాను దించి మెట్టు మీద కూలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. అలసటకనుకున్నాను. చుట్టూ చూసి మెల్లగా చెప్పింది.

"మూడో నెల అక్కా. పోయినేడు ఒకటి పోయింది, నీకు చెప్పలే. డాక్టరమ్మ బరువులెత్తొద్దన్నది."

"మరి ఎందుకెత్తుతున్నవే, నీకేమన్న పిచ్చా?"

"ఎత్తకపోతే సార్‌కు తెల్వదా? తెలిస్తే నా పేరు రాస్తడా?" నా చెయ్యి పట్టుకుంది. "లిస్టు మీద సంతకమయ్యేదాంక ఎవ్వరికి చెప్పకక్కా. నీ కాళ్లు మొక్కుత. మా ఆయనకు ఇప్పుడు పని సక్కగ లేదు. ఈ నౌకరి గూడ పోతే మాకు ఊరే దిక్కు."

నేను ఆమె క్యాను కూడా అందుకున్నాను. ఆ రోజు నుంచి నీళ్లన్నీ నేనే మోశాను. ఎవరైనా అడిగితే ఆమెకు నడుం నొప్పి అని చెప్పాను. ఇదంతా మనస్ఫూర్తిగానే చేశాను. ఆ మాట అబద్ధం కాదు, అందుకే ముందే చెబుతున్నాను.

నా సంగతి కూడా చెప్పాలి. పన్నెండేళ్లు అన్నాను కదా, కాగితం మీద ఎనిమిదే. నా కూతురు కడుపులో ఉన్నప్పుడు తొమ్మిదో నెల దాకా ఆ మెట్లే ఎక్కాను. కాంట్రాక్టు వాళ్లకు ప్రసూతి సెలవు లేదన్నారు. "రిజైన్ చేసి పోన్రి మేడం, మళ్లొచ్చే ఏడు సూద్దాం" అన్నాడు ఇదే హెడ్డు. మరుసటి ఏడు వచ్చేసరికి నేను కొత్తదాన్నయ్యాను. నా వెనక చేరినవాళ్లు నాకు ముందున్నారు. అప్పుడు నా క్యాను మోసినవాళ్లు ఎవరూ లేరు. చెల్లె కోసం ఒక్కో క్యాను పైకి తెస్తున్నప్పుడల్లా ఇది గుర్తుకు వచ్చేది. వస్తే తప్పేముంది అనుకునేదాన్ని.

ఫిబ్రవరి ఆఖరులో గుర్రాలు వచ్చాయి. తీరం వైపు వాటిని పిల్లల నుంచి పెంచే ఒక కేంద్రం నుంచి అనుమతి కాగితాలతో సహా నాలుగు పంపించారు. థర్మాకోల్ డబ్బా తెరిస్తే ప్లాస్టిక్ సంచుల్లో వేలెడంత జీవాలు, నిలబడి మమ్మల్ని చూస్తున్నాయి. తొట్టి నీళ్లు బొట్టు బొట్టుగా సంచిలోకి వదిలి, అలవాటు పడ్డాక దించాం. ఒకటి నా చూపుడు వేలికి తోక చుట్టి వదల్లేదు. నా కూతురు చిన్నప్పుడు అలాగే పట్టుకునేది. నాకు నిజంగా సంతోషం వేసింది.

ఎండలు ముదురుతున్నాయి. నీళ్లు వేడెక్కితే అవి బతకవని మేం ఒక కాగితం రాసిస్తే, మూడు రోజుల్లో ఆ గదికి ఏసీ పెట్టారు. మా స్టాఫ్ రూములో ఫ్యాను రెండు వేసవులుగా తిరగడం లేదు. రెండు వారాలు గడిచాయో లేదో ఒక మగదాని పొట్ట సంచి ఉబ్బింది. ఇంక చూడండి సంబరం! గది తలుపుకు 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు. క్లర్కులు, పీజీ పిల్లలు, పక్క డిపార్టుమెంటు ప్రొఫెసర్లు, అందరూ వేళ్ల మీద నడిచి వచ్చి చూసి, "పాపం, ఎంత బరువు మోస్తుందో" అని వెళ్లేవారు. హెడ్డు తలుపు దగ్గర నిలబడి గుసగుసగా చెప్పేవాడు. "దాన్ని డిస్టర్బ్ చెయ్యకున్రి, స్ట్రెస్ అయితది."

నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను రిజైన్ చేయమన్న నోరే అది. ఇంటికి వెళ్లాక కూడా ఆ మాటే చెవుల్లో మోగేది. ఊరికే కూతురి మీద అరిచేదాన్ని.

తనిఖీ బృందం వచ్చింది, పొట్ట చూసి మురిసిపోయింది, ఫోటోలు తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు ఆఫీసు ఆడవాళ్లకు ఒక సరదా పుట్టింది. మగ గుర్రానికి శ్రీమంతం చేయాలట. అటెండరమ్మ ఆకుపచ్చ గాజులు, పసుపు, కుంకుమ, మల్లెపూలు తెచ్చింది. తొట్టి అద్దానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. అగరుబత్తి వెలిగించబోతే, గాలి మోటారు ఆ పొగను లాగి నీళ్లలోకి పంపుతుందని నేను కసిరాను. మా చెల్లె వదులు చుడీదార్‌లో, చున్నీ కిందికి లాక్కుని గోడ పక్కన నిలబడి నవ్వుతోంది. అందరికీ లడ్డూలు పంచారు, హెడ్డు ఒకటి పట్టుకుని తొట్టి పక్కన ఫోటో దిగాడు. నాకూ నవ్వు వచ్చింది. ఎందుకు దాచాలి, అందరితో పాటు నేనూ నవ్వాను.

శ్రీమంతంలో గర్భిణికి తొడగ్గా మిగిలిన గాజులు పిల్లలు కావాలనుకునేవాళ్లకు తొడగడం మామూలే. గుర్రానికి చేతులెక్కడివి? అటెండరమ్మ గాజులన్నీ తీసుకుని తిన్నగా మా చెల్లె దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది. "నీ కడుపు గూడ జల్దిన పండాలె బిడ్డా" అంటూ తొడగడం మొదలుపెట్టింది. హెడ్డు పెద్దగా నవ్వి, "అగో, ఇప్పుడే వద్దమ్మా! మా పని గడవాలె" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. మా చెల్లె నా వైపు చూసింది. మన ఇద్దరికే తెలుసు కదా అక్కా, అన్నట్టుగా నవ్వింది.

"ఇంకా జల్దేంది? అయిదో నెల నడుస్తున్నది" అన్నాను నేను.

నవ్వు వెంటనే ఆగలేదు. ముందు అటెండరమ్మ, "అయ్యో నా తల్లి, చెప్పనే లేదు" అని ఆమె బుగ్గలు పుణికింది. నలుగురూ చుట్టూ మూగారు. వాళ్ల భుజాల మీదుగా హెడ్డు మొహం కనిపించింది. లెక్క తేలిన మనిషి మొహం అది. "కంగ్రాట్స్ మేడం" అన్నాడు. మా చెల్లె ఆయనను చూడలేదు. నన్నే చూస్తోంది, ఇంకా ఆ నవ్వు మొహం మీద అలాగే ఉంది, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు.

వారంలో లిస్టు వెళ్లింది. ఒకటే పేరు, నాది. "ఆమె మంచికే మేడం. గా పొట్టతోని మెట్లెక్కుడు కష్టమైతది" అన్నాడు హెడ్డు. సార్, ఇది అన్యాయం, మా ఇద్దరిలో ఆమే బాగా పని చేసింది, అని అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు.

నోరు జారింది అని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. అందరూ నవ్వుతుంటే సరదాలో వచ్చేసిందని. కానీ ఆ మాట అనడానికి ముందు నేను నోట్లో ఉన్న లడ్డూ ముక్క నమిలి మింగాను. అంత తీరిక ఉంది నాకు. మింగాక అన్నాను.

ఆ నెలాఖరున గుర్రానికి కాన్పయింది. నలుసుల్లాంటి పిల్లలు వందకు పైనే. వాటి తిండి ఇంకా చిన్న నలుసులు, ఒక రకం రొయ్య పిల్లలు; వాటి గుడ్లను రోజూ ఉప్పునీళ్లలో పొదిగించాలి. అది మా చెల్లెకే వచ్చు. పోస్టు పోయిందని తెలిశాక కూడా రోజూ పొద్దున్నే వచ్చి వాటికి తిండి వేసేది. నాకు నేర్పిస్తానంది. ఆమె పక్కన కూర్చోలేక, క్లాసుందని తప్పించుకున్నాను. జూన్‌లో నేను వెళ్లేసరికి ఆ పిల్లల్లో ఒక్కటీ లేదు. వేసవిలో ఏసీ ఎవరో కట్టేశారు, పెద్దవి కూడా పోయాయి.

అసలు చెప్పాల్సింది ఏప్రిల్ ఆఖరి రోజు గురించి. మా చెల్లె తన అల్మారా ఖాళీ చేసుకుంటోంది. పుస్తకాలు రెండు సంచుల్లో సర్ది, తాళంచెవి టేబుల్ మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఒక్కటే అడుగుత అక్కా. నిజం చెప్పు. ఆ రోజు నోరు జారిందా, కావాల్నని అన్నవా?"

సన్నగా, పాలిపోయి, కళ్ల కింద నలుపుతో నా ఎదురుగా నిలబడింది. చెప్పి ఉండవచ్చు. ఇంక ఆమె నా నుంచి తీసుకోగలిగింది ఏమీ లేదు, పోస్టు నాకు వచ్చేసింది.

"నోరు జారింది చెల్లె" అన్నాను.

ఆమె కళ్లనిండా నీళ్లు వచ్చాయి. "నాకెర్కే. మా ఆయన ఇనడు. కావాల్నని చేసిందంటడు. నేను ఆయనతోని కొట్లాడిన. మా అక్క గట్ల చెయ్యదు, నా బరువంత మోసిందని చెప్పిన." రెండు చేతులూ చాచి నన్ను గట్టిగా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె పొట్ట నా పొట్టకు ఆనుకుంది. లోపలి నుంచి పిల్ల ఒక్క తన్ను తన్నింది. నాకు స్పష్టంగా తగిలింది.

ఏడుస్తూనే నవ్వింది మా చెల్లె. "సూశినవా అక్కా, నిన్ను గుర్తుపట్టింది."

నేను తల ఊపాను. జూన్‌లో వెళ్లి ఆర్డరు తీసుకున్నాను.